గ్రౌండుగారి గరిక

పోయిన నెల తణుకు దగ్గర హైవే పక్కన కొత్తగా పెట్టిన క్రికెట్ మైదానం చూపిస్తానని నా పాత విద్యార్థి ఒకతను కారెక్కించుకుని తీసుకెళ్ళాడు. చుట్టూ ఎత్తుగా వల, పైన లైట్లు, కింద ప్లాస్టిక్ గడ్డి. "నీళ్ళక్కర్లేదండి, కొయ్యక్కర్లేదండి, రోహిణీకార్తెలో కూడా ఇలాగే పచ్చగా ఉంటుందండి మాస్టారూ" అని అతను మురిసిపోతూ చెబుతున్నాడు. నేను అతని మాటలు వింటూనే వంగి, కుడిచేతి బొటనవేలితో ఆ నేలని ఒకసారి గట్టిగా నొక్కాను. వేలు దిగలేదు.

"ఏవన్నా పడిపోయిందాండీ?" అన్నాడతను.

"లేదయ్యా, ఊరికే" అన్నాను.

ఆ నొక్కడం నా అలవాటు కాదు. నలభై ఏళ్ళకి పైబడిన కాలం కిందట మా కాలేజీ గ్రౌండు చూసుకున్న ఒక పెద్దమనిషిది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నాకు మాత్రం గడ్డి కనిపిస్తే వేలు ఊరుకోదు. పార్కుల్లో, పెళ్ళిమంటపాల ముందు వేసే లాన్లలో, ఒకసారి హైదరాబాదులో మా వియ్యంకుడి గారింటి ముందు కూడా నొక్కాను. వియ్యపురాలు మా ఆవిణ్ణి పక్కకి పిలిచి అన్నయ్యగారికి ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది.

ఆయనకి పేరు లేకపోలేదు. కాలేజీ ఆఫీసులో హాజరుపట్టీలో ఉండేది. కానీ మా గోదావరి వాళ్ళకి బస్సు కండక్టరుని కండక్టరుగారూ అని, పోస్టుమాన్‌ని పోస్టుమాన్‌గారూ అని అనకపోతే మాట పూర్తయినట్టుండదు. ఆ లెక్కన గ్రౌండు చూసుకునే మనిషి గ్రౌండుగారయ్యారు. కుర్రాళ్ళు అలాగే పిలిచేవారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. ఆఖరికి ప్రిన్సిపాల్ గారు కూడా నోటీసులో 'గ్రౌండుగారి అనుమతి లేనిదే సైకిళ్ళు లోపలికి తేరాదు' అని రాయించారు.

పొట్టి మనిషి. మోకాళ్ళ పైకి కట్టిన పంచె, భుజాన తువ్వాలు, బొడ్లో చిన్న కొడవలి. నడుముకి ఒక తడిగుడ్డ మూట వేలాడుతూ ఉండేది. అందులో గరిక కణుపులు. మ్యాచ్ జరుగుతున్నప్పుడు ఎక్కడన్నా బూటు తగిలి గడ్డి లేస్తే, ఓవరు అవగానే నింపాదిగా వెళ్ళి, మూటలోంచి నాలుగు కణుపులు తీసి ఆ గుంటలో గుచ్చి, మడమతో అదిమి, అంతే నింపాదిగా వచ్చి కూర్చునేవారు. అంపైర్లు మొదట్లో గొడవపెట్టుకునేవారు. ఆయన "ఆయ్, అయిపోయిందండి" అనేవారు. వాళ్ళు చేసేదిలేక తర్వాతి ఓవరు మొదలెట్టించేవారు.

రోజూ పొద్దున్నే ఆరింటికి చెప్పులు గేటు దగ్గర వదిలి, గ్రౌండుని ఈ మూల నుంచి ఆ మూలకి ఐమూలగా నడిచేవారు. పాదాలతోనే అంతా తెలుసుకునేవారు. ఎక్కడ తేమ ఎక్కువైందో, ఎక్కడ నేల బిగిసిందో, రాత్రి ఎవరి గేదె వచ్చి వెళ్ళిందో. అనుమానం వచ్చిన చోట ఆగి బొటనవేలితో నొక్కేవారు. ఆ తర్వాత బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి, ఒక కన్ను మూసి ఆ కొస దాకా చూసేవారు. కాలేజీలో చేరిన మొదటి వారంలో నేను ఆ దృశ్యం చూసి, పాపం ఎవరో పడిపోయారని మంచినీళ్ళ చెంబు పట్టుకుని పరుగెత్తాను. ఆయన తల ఎత్తకుండానే "కొంచెం పక్కకి జరగండి మేష్టారు, మీ నీడ పడతాందండి" అన్నారు. అదీ మా పరిచయం.

ఆటలంటే ఆయనకి ఏమీ తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. ఆటగాళ్ళ మొహాలు కాదు, కాళ్ళు చూసేవారు. ఒకసారి మా వాళ్ళు కాకినాడ కాలేజీ మీద గెలిచి ఎగురుతుంటే, "ఏమండీ గ్రౌండుగారూ, ఎలా ఉంది మన ఆట?" అని అడిగాను. "ఆ పొడుగు కుర్రాడు బంతేసేటప్పుడు కుడిమడమ మరీ పొడుస్తున్నాడండి. కాస్త మెల్లిగా పరిగెట్టమని చెప్పండి" అన్నారు. ఆ పొడుగు కుర్రాడు మా జట్టుకున్న ఒకే ఒక ఫాస్ట్ బౌలరు.

వేసవిలో కాలువలు కట్టేస్తే మా ఊళ్ళో తాగడానికే నీళ్ళు పొదుపు. అప్పుడు ఆయన హాస్టలు స్నానాల గదుల వెనక నుంచి చిన్న కాలవ తవ్వి ఆ నీళ్ళన్నీ గ్రౌండులోకి మళ్ళించేవారు. ఒక ఏప్రిల్లో నా దగ్గరకి వచ్చి, చేతులు కట్టుకుని, చెప్పాలా వద్దా అన్నట్టు నిలబడ్డారు. ఏంటండీ అన్నాను. "పరీక్షలని కుర్రాళ్ళు స్నానాలు మానేస్తున్నారండి. తూర్పువైపు ఎండిపోతాంది. వార్డెన్ గారితో ఒక మాట చెప్పండి" అన్నారు. వార్డెన్ గారు చెప్పారు. కుర్రాళ్ళు తిట్టుకుంటూ స్నానాలు చేశారు. తూర్పువైపు బతికింది.

ఆయన ఎవరికీ కాదు అని చెప్పగా నేను వినలేదు. ఎవరేం చెప్పినా "ఆయ్, అలాగేనండి" అనేవారు. ఆ తర్వాత తను చెయ్యదలుచుకున్నదే చేసేవారు. మా కమిటీలో ఒక బియ్యం వర్తకులుండేవారు. మంచివారే. వాళ్ళమ్మాయి పెళ్ళి భోజనాలకి గ్రౌండులో షామియానాలు వేయించుకుంటానని ప్రిన్సిపాల్ గారిని అడిగితే, ఆయన కాదనలేకపోయారు. గ్రౌండుగారిని పిలిచి చెప్పారు. "ఆయ్, దానికేవుందండి, శుభకార్యం" అన్నారు ఈయన. పెళ్ళికి రెండు రోజుల ముందు షామియానా వాళ్ళు రాటలు పాతడానికి వచ్చి చూస్తే గ్రౌండంతా మోకాలి కింది దాకా నీళ్ళు.

వర్తకులుగారు రిక్షాలో వచ్చారు. "ఏంటండీ ఇది?" అన్నారు.

"కాలవ వంతండి. ఇవాళ మన వంతు వచ్చిందండి. వదులుకుంటే మళ్ళీ ఎనిమిది రోజుల దాకా రాదండి."

"మరి నా పెళ్ళి భోజనాలో?"

"ఆయ్, నేనూ అదే అనుకుంటున్నానండి. కొబ్బరితోటలో అయితే చల్లగా ఉంటుంది కదండి" అన్నారు ఎంతో బాధపడుతూ.

నీటి వంతు అన్న తర్వాత డెల్టాలో పుట్టిన మనిషి ఎవడూ ఎదురు మాట్లాడలేడు. వర్తకులుగారు కూడా ఒకప్పుడు వరి పండించిన ఇంట్లోంచి వచ్చినవారే. కొబ్బరితోటలోనే భోజనాలు పెట్టారు. గ్రౌండుగారు ముందు పంక్తిలో కూర్చుని, పూర్ణాలు బాగున్నాయని మెచ్చుకుని మరీ తిన్నారు.

అంతకుముందు ఆయన కౌలు రైతు. ముప్ఫై ఏళ్ళు ఎవరెవరి చేలో వరి పండించారు. నీళ్ళు పెట్టి దున్ని దమ్ము చేసిన మడిలో ఆయన చదును చేస్తే నీళ్ళు ఏ మూలా గుంట కట్టకుండా ఒకే మట్టంలో నిలబడేవని చుట్టుపక్కల పేరుండేదట. చేస్తున్న భూమిని యజమాని కొబ్బరికి మార్చుకున్నాక, ఎవరో చెబితే మా కాలేజీలో రోజుకూలీ మీద చేరారు. చేరిన మొదటి రోజున గ్రౌండు చూసి, "ఇక్కడ ఏం వెయ్యాలండి?" అని అడిగారని మా గుమస్తాగారు చెప్పి నవ్వుతుండేవారు. గడ్డి పెంచాలని చెబితే, "ఏ గడ్డండి?" అని అడిగారట. గరిక అనగానే, సరిగ్గా విన్నానా లేదా అన్నట్టు మళ్ళీ అడిగారట.

మళ్ళీ అడగడంలో ఆశ్చర్యం లేదు. వరి రైతుకి గరికని మించిన పగవాడు లేడు. గట్టు మీద పుడుతుంది, చేలోకి పాకుతుంది, ఒక కణుపు మిగిలినా మళ్ళీ లేస్తుంది. ముప్ఫై ఏళ్ళు దాన్ని పీకిన మనిషి ముసలితనంలో దానికే నీళ్ళు పెట్టి పెంచాల్సి వచ్చింది. ఆయన మాత్రం దీన్ని ఒక తమాషాగా తీసుకున్నారు. "దానితో ఇన్నేళ్ళు దెబ్బలాడాను కదండి, దాని సంగతులన్నీ నాకు తెలుసండి" అనేవారు.

డెబ్బైల చివర్లో ఒక ఏడు, ఇకమీదట మా జోను ఫైనల్ మ్యాచ్‌లు మట్టి పిచ్ మీద, గడ్డి వేళ్ళు పట్టిన పిచ్ మీదే ఆడించాలని పైనుంచి ఉత్తరం వచ్చింది. అప్పటిదాకా మాది సిమెంటు పలక మీద పరిచే కొబ్బరిపీచు మ్యాటు. నేను కెమిస్ట్రీ లెక్చరర్ని. అందరిలోకీ చిన్నవాణ్ణని ఆటల బాధ్యత నాకు అంటగట్టారు. ప్రిన్సిపాల్ గారు మా ఇద్దర్నీ పిలిచి, ఉన్నమాట చెప్పారు. "వచ్చే ఏడు కార్తీకంలో ఇన్‌స్పెక్షన్‌కి వస్తారు. పిచ్ పాసయితే ఫైనల్ మనకిస్తారు, నేను కమిటీకి రాసి గ్రౌండుగారిని పర్మినెంటు చేయిస్తాను. పాసవకపోతే ఆ స్థలంలో కొత్త బ్లాకు కట్టాలని కమిటీలో కొందరు చూస్తున్నారు. అప్పుడు గ్రౌండూ ఉండదు, గ్రౌండుగారూ ఉండరు."

బయటికి వచ్చాక ఆయన వేపచెట్టు కింద కాసేపు ఆగారు. "ముప్ఫై ఏళ్ళు ప్రతి ఉగాదికీ, వచ్చే ఏడు ఈ చేను నాదో కాదో అని చూసుకున్నానండి. ఇక్కడన్నా ఆ చూసుకోడం ఉండకూడదని ఉందండి" అన్నారు. తన గురించి ఆయన నాతో చెప్పుకున్నది ఆ రెండు ముక్కలే.

పని మొదలెట్టారు. నేను లైబ్రరీలోంచి ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చి, అందులో రాసినట్టు లెవెలు చూడడానికి పరికరాలు కావాలని చెబితే, "ఆయ్" అన్నారు. మర్నాడు గ్రౌండు చుట్టూ మూరెడు గట్టు వేసి, కాలవ నుంచి వచ్చే బోదె తెరిచి నీళ్ళు నింపేశారు. ఆ పక్క రోజు పొద్దున్న ప్రిన్సిపాల్ గారు అటుగా వెళుతూ చూస్తే గ్రౌండు నిండా నీళ్ళు, నీళ్ళ నిండా కొంగలు.

"వరినాట్లు ఊడుస్తారా ఏంటండీ?" అని కేకేశారు.

"నీళ్ళు నిలబెడితే ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో నేలే చెబుతుందండి" అన్నారు ఈయన, నీళ్ళలో నడుస్తూ వెదురుపుల్లలు గుచ్చుకుంటూ. నీళ్ళు తీసేశాక ఎత్తుల్లో మట్టి గీసి పల్లాల్లో వేశారు. మూడుసార్లు అలా నింపి తీసేసరికి గ్రౌండు బల్లపరుపుగా అయింది. నా పుస్తకాన్ని నేను లైబ్రరీలో తిరిగి ఇచ్చేశాను.

మధ్యలో పిచ్‌కి గొయ్యి తవ్వి, అడుగున ఇటుకముక్కలు, పైన ఇసక, ఆ పైన కుమ్మరివాళ్ళు కుండలకి తీసే నల్లమట్టి పొరలు పొరలుగా వేయించారు. ప్రతి పొరనీ తడిపి, రాతి రోలరు ఎడ్లతో లాగించారు. గిట్టలు దిగబడకుండా ఎడ్ల కాళ్ళకి గోనెపట్టాలు చుట్టారు. ఇక గరిక. ఊరంతా గరికే కదా అనుకున్నాను. ఆయన నాలుగు రోజులు తిరిగి, పడవల రేవు దగ్గర కాలిబాట అంచున ఉన్నదే తెచ్చారు. సన్నటి ఆకు, దగ్గర దగ్గర కణుపులు. "రోజూ ఇంతమంది తొక్కుతున్నా బతుకుతోంది కదండి ఇది. కుర్రాళ్ళ బూట్లు దీనికో లెక్క కాదండి" అన్నారు. తొలకరికి ఒక్కో కణుపూ తనే స్వయంగా గుచ్చారు. ఇంకొకర్ని చెయ్యి పెట్టనివ్వలేదు.

ఏడాది తిరిగేసరికి పిచ్ మీద గరిక చాపలా అల్లుకుంది. ఇన్‌స్పెక్షన్ ఇంకో ఆరు వారాలుందనగా, పాలకొల్లు దగ్గర పల్లెలో ఉండే వాళ్ళ అక్కగారికి జబ్బు చేసిందని కబురొచ్చింది. వెళ్ళక తప్పదు. వెళ్ళేముందు నన్ను పిచ్ దగ్గరికి తీసుకెళ్ళారు.

"పొద్దున్నే నీళ్ళు చల్లించండి మేష్టారు. ఇంకేం చెయ్యకండి."

"అలాగేనండి."

"ఏమీ చెయ్యకుండా ఉండడం కష్టమేనండి. అయినా చెయ్యకండి."

నవ్వి పంపించాను. నాలుగు రోజులు బుద్ధిగా ఉన్నాను. అయిదో రోజున పిచ్ మీద అక్కడక్కడ తుంగ మొలకలు కనిపించాయి. నిటారుగా, ముదురాకుపచ్చగా, నన్ను వెక్కిరిస్తున్నట్టు నిలబడ్డాయి. నాది వ్యవసాయ కుటుంబం. కలుపు చూసి ఊరుకోవడం మా ఇంటా వంటా లేదు. ఆయన వచ్చేసరికి శుభ్రం చేయించి పెడితే సంతోషిస్తారు కదా అనుకున్నాను. ఎదురుగా చేలో పొద్దుటి పని ముగించుకుని వెళుతున్న ఆడకూలీలని పిలిచాను. వాళ్ళ ముఠాకి పెద్ద సూరమ్మ అనే ఆవిడ. "ఆ మధ్యలో ఉన్న జాగాలో కలుపంతా తీసెయ్యండమ్మా, నున్నగా ఉండాలి" అని చెప్పి, క్లాసుకి టైమవుతోందని వెళ్ళిపోయాను.

రెండు పీరియడ్లు చెప్పి వచ్చాను. పిచ్ ఉండాల్సిన చోట నల్లమట్టి ఉంది. అలికిన వాకిలిలా నున్నగా ఉంది. పక్కన గరిక మోపులు వరసగా కట్టి ఉన్నాయి. మట్టిలో మిగిలినవి తుంగ మొలకలు మాత్రమే.

"గరిక కణుపు ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదండి మేష్టారూ, చూసుకోండి" అంది సూరమ్మ, చెమట తుడుచుకుంటూ. "తుంగకి కింద గడ్డలుంటాయండి. పీకితే తెగి మళ్ళీ వస్తాది. రేపు గునపాలు తెచ్చి తవ్వేస్తాం."

ఆవిణ్ణి ఏమని తప్పుపట్టను? వరిచేలో పుట్టి వరిచేలో పెరిగిన మనిషిని పిలిచి కలుపు తియ్యమంటే ముందు గరికే తీస్తుంది. పంటేదో నేను చెప్పలేదు. మోపులు గేదెలకి తీసుకెళ్ళమంటారా అని అడిగితే తల ఊపాను. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ నల్లమట్టి పక్కన కూలబడ్డాను. ఆయన ఏడాది కష్టం, ఆయన పర్మినెంటు ఉద్యోగం, ఆ గ్రౌండు, మూడూ నేను ఒక్క పూటలో తుడిచిపెట్టేశాను. అంత సిగ్గు నాకు జీవితంలో మరెప్పుడూ కలగలేదు.

ప్రిన్సిపాల్ గారు పంద్రాగస్టుకీ రిపబ్లిక్ డేకీ తప్ప గ్రౌండు లోపలికి వచ్చేవారు కారు కాబట్టి ఆయనకి తెలియలేదు. చెప్పే ధైర్యం నాకు లేదు. ఆ మధ్యాహ్నమే బస్సెక్కి పాలకొల్లు వెళ్ళి, అక్కణ్ణుంచి రిక్షా మాట్లాడుకుని ఆ పల్లెకి చేరాను. గ్రౌండుగారు అక్కగారి మంచం పక్కన కూర్చుని ఆవిడకి జావ తాగిస్తున్నారు. నన్ను చూసి లేచారు.

"గరిక పోయిందండి" అన్నాను గుమ్మంలోనే. "నేనే పీకించాను. కలుపు తియ్యమంటే వాళ్ళు గరిక తీసేశారు."

ఆయన గిన్నె కింద పెట్టారు. "భోజనం చేశారాండి?" అన్నారు.

చెయ్యలేదు. చెయ్యలేనని చెప్పినా వినకుండా కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళిచ్చి, విస్తరి వేసి, తనే వడ్డించారు. నేను పప్పు కలుపుకుంటుంటే ఎదురుగా గొంతుక్కూర్చుని అడిగారు.

"తెగిందాండి, వేళ్ళతో వచ్చిందాండి?"

"వేళ్ళతోనే వచ్చింది."

"మోపులు ఎవరి గేదెలకి వెళ్ళాయండి?"

చెప్పాను. తల పంకించారు. కోపం వచ్చిందో లేదో నాకు ఈరోజుకీ తెలియదు. మజ్జిగ పోసి, ఉప్పు ముందుకి జరిపారు. మంచం మీంచి అక్కగారు, "వెళ్ళరా, నాకు బానే ఉంది. ఆ అబ్బాయి మొహం చూళ్ళేకపోతున్నాను" అంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం సూరమ్మ గుమ్మంలో ఉన్నాం. రెండు మోపులు గేదెలు తినేశాయి. మిగతావి వారం రోజులు మేతకి పచ్చిగా ఉంటాయని వాళ్ళు కాలవలో నానేశారు. గ్రౌండుగారు ఒక మోపు బయటికి లాగి, కట్టు విప్పి, ఒక తీగని వేలి మీద చుట్టుకుని చూశారు. తెల్లటి వేళ్ళు వాడకుండా పుల్లల్లా నిలబడి ఉన్నాయి.

"చెయ్యి మంచిదమ్మా నీది. ఒక్క వేరు కూడా తెంచలేదు" అన్నారు.

జరిగింది చెప్పాను. సూరమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో, అది పంటాండి? అది గరికండి బాబూ."

"మొన్నటిదాకా నాకూ కలుపేనమ్మా" అన్నారాయన. "ఇప్పుడు మళ్ళీ ఊడ్చాలి. నా ఒక్కడి వల్లా కాదు. ఇన్‌స్పెక్షన్ దగ్గరకొచ్చేసింది."

"గరికని ఊడ్చడవేంటండి? మా అత్త వింటే ఊరంతా చెప్పి నవ్వుద్ది" అంటూనే కొప్పు ముడేసుకుంది. పన్నెండు మందిని తీసుకొచ్చింది. ముందు గునపాలతో తుంగగడ్డలు తవ్విపారేశారు. తర్వాత తాళ్ళు కట్టి, వరసలు వేసి, వెనక్కి వెనక్కి నడుస్తూ గరిక ఊడ్చారు. మొదట్లో నవ్వు ఆపుకోలేకపోయారు. ఎవరో ఊడ్పుల పాట ఎత్తుకునేసరికి చేతులు వాటంతటవే సాగాయి. అంతకుముందు ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వని గ్రౌండుగారు ఆ రోజు గట్టు మీద కూర్చుని, వాళ్ళ చేతుల కేసి చూస్తూ ఉండిపోయారు. "నేను తొలకరంతా గుచ్చానండి. వీళ్ళకి పూట పట్టలేదు" అన్నారు నాతో. ఆ గొంతులో ఉన్నది సంతోషమే.

ఆ తర్వాత నెలన్నర నాకు నిద్ర సరిగా లేదు. ఎండ వస్తే ఎండిపోతుందేమోనని, వాన వస్తే కుళ్ళిపోతుందేమోనని. గరిక మాత్రం నన్ను పట్టించుకోలేదు. వారానికి పచ్చబడింది. మూడో వారానికి తీగలు సాగి ఒకదాన్నొకటి అందుకున్నాయి. రోలరు తిరిగింది. అయినా దగ్గరికి వెళ్ళి చూస్తే వరసలు వరసలుగా తెలుస్తూనే ఉంది.

ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన పెద్దవారు, ఒకప్పుడు బాగా ఆడినవారట. పిచ్ చుట్టూ తిరిగి, మోకాళ్ళ మీద కూర్చుని చూసి, "ఈ వరసలేంటి? ఇది ఏడాది కిందట వేసిందని రాశారు కదా మీరు?" అన్నారు ప్రిన్సిపాల్ గారితో. ప్రిన్సిపాల్ గారు నా వైపు చూశారు. నేను గ్రౌండుగారి వైపు చూశాను. ఆయన నేలకేసి చూస్తున్నారు. తను నోరు విప్పితే నా పేరు చెప్పాల్సి వస్తుందని ఆయన విప్పడం లేదు. తన ఉద్యోగం పోయేటట్టున్నా విప్పడం లేదు.

"ఏడాది కిందట వేసింది నేను పీకించేశానండి" అన్నాను. "ఈయన ఊళ్ళో లేనప్పుడు, ఈయన వద్దని చెప్పి వెళ్ళినా వినకుండా, కలుపు తీయిస్తున్నాననుకుని పీకించాను. ఇది నెలన్నర కిందట మళ్ళీ ఊడ్పించింది. ఈయన తప్పేమీ లేదండి."

ప్రిన్సిపాల్ గారి మొహం ఎర్రబడింది. వచ్చినాయన ఒక గరిక తీగని రెండు వేళ్ళతో పట్టుకుని లాగారు. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగారు. ఆకు తెగి చేతికొచ్చింది గానీ వేరు కదల్లేదు. "నెలన్నరలో ఇలా పట్టిందా?" అన్నారు.

"ఊడ్చినవాళ్ళ చెయ్యి మంచిదండి" అన్నారు గ్రౌండుగారు. ఆ పూటకి ఆయన మాట్లాడింది అదొక్కటే.

పిచ్ పాసయింది. ఫైనల్ మా దగ్గరే జరిగింది. ఫాల్గుణంలో ఆయన పర్మినెంటు ఆర్డరు వచ్చింది. ఆఫీసులో సంతకం పెట్టి, కాగితం నాలుగు మడతలు పెట్టి, తువ్వాల్లో చుట్టుకుని, గ్రౌండుకి వెళ్ళి బోదె తెరిచారు. ప్రిన్సిపాల్ గారు నన్ను మాత్రం చాలాకాలం క్షమించలేదు. స్టాఫ్ మీటింగుల్లో ఏ పని ఎవరికి అప్పగించాలన్న ప్రశ్న వచ్చినా, "మన కెమిస్ట్రీ మాస్టారికి వద్దులెండి, వేళ్ళతో పీకించేస్తారు" అనేవారు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం చురుక్కుమనేది.

మరుసటి ఏడు శ్రావణంలో అక్కగారు కాలం చేసిందని కబురొచ్చింది. కర్మలు అయ్యేదాకా పదిహేను రోజులు సెలవు కావాలని గ్రౌండుగారు ప్రిన్సిపాల్ గారి గదిలోకి వచ్చారు. అదే సమయానికి ఏదో కాగితం మీద సంతకం కోసం నేనూ అక్కడే ఉన్నాను.

"వెళ్ళిరండి పాపం. ఈ పదిహేను రోజులూ గ్రౌండు ఎవరు చూస్తారు? ప్యూన్ని ఒకణ్ణి వెయ్యమంటారా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"మేష్టారు చూస్తారండి" అన్నారాయన, నా వైపు చెయ్యి చూపించి.

ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీశారు. "ఈయనా? ఈయనే కదండీ అప్పుడు పీకించింది?"

"ఆయ్, అందుకేనండి. గరిక ఎంత విలువైందో ఈ కాలేజీలో నా తర్వాత ఆయనకే తెలుసండి."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోడానికి చేతిలో ఉన్న కాగితం చదువుతున్నట్టు నటించాను. ఆయన నా వైపు తిరిగి, ఏ జాగ్రత్తలూ చెప్పకుండా, వెళ్ళొస్తానండి అని నమస్కారం పెట్టి బస్టాండుకి వెళ్ళిపోయారు.

ఆ పదిహేను రోజులూ పొద్దున్నే ఆరింటికి చెప్పులు గేటు దగ్గర విడిచి, గ్రౌండు ఐమూలగా నడిచాను. నీళ్ళు చల్లించాను. నాలుగో రోజున పిచ్ అంచున రెండు తుంగ మొలకలు కనిపించాయి. వాటి ముందు చాలాసేపు నిలబడ్డాను. తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని ఇంటికి వచ్చేశాను.